కూలిన తరువాత కొలతలా?

విమాన ప్రమాదాల దర్యాప్తు నివేదికల్లో ఒక మాట కొన్ని దశాబ్దాలుగా ఆనవాయితీగా చోటు చేసుకుంటోంది. సిబ్బంది 'పరిస్థితిపై ఎరుక కోల్పోయారు' అన్నదే ఆ మాట. 2018 మార్చి 12న ఢాకా నుంచి వచ్చిన యూఎస్-బంగ్లా విమానం కఠ్మాండూలోని త్రిభువన్ విమానాశ్రయంలో కూలిపోయి, అందులోని 71 మందిలో 51 మంది మరణించిన దుర్ఘటనపై నేపాల్ దర్యాప్తు సంఘం ఇదే నిర్ణయానికి వచ్చింది. పూర్వం ఇటువంటి సందర్భాల్లో 'పైలట్ తప్పిదం' అనేవారు. ఇప్పుడు మాట మారింది, మర్యాద పెరిగింది. నింద మాత్రం పాత చిరునామాకే చేరుతోంది. ఆ చిరునామాలో బదులు చెప్పవలసిన మనిషి చాలా సందర్భాల్లో బతికి ఉండడు. విమానం నడిపే మనిషికి ఎరుక ఎంత ఉన్నదో ప్రమాదానికి ముందే కొలిచి చూసే పద్ధతులు 1988 నుంచీ అందుబాటులో ఉండగా, మన దేశంలోనూ ఇరుగుపొరుగు దేశాల్లోనూ ఆ మాట ప్రధానంగా మరణానంతర విచారణలకే పరిమితమై ఉండడం శోచనీయం.

పైలట్లు 'సిచ్యుయేషన్ అవేర్‌నెస్' అని పిలిచే ఈ ఎరుక ఏదో మహత్తర విద్య కాదు. రద్దీగా ఉన్న రోడ్డు దాటే ప్రతి మనిషికీ అది అనుభవైకవేద్యమే. ఎదురుగా లారీ వస్తున్నదని చూడడం ఒకటి. అది మామూలు కంటె వేగంగా వస్తున్నదని గ్రహించడం రెండు. తాను అవతలి పక్కకు చేరేలోగా అది తన మీదికి వచ్చేస్తుందని ముందుగానే ఊహించడం మూడు. అమెరికన్ ఇంజనీరు మైకా ఎండ్‌స్లీ 1988లో ఈ ఎరుకకు ఇచ్చిన నిర్వచనంలోనూ ఈ మూడు మెట్లే ఉన్నాయి: గమనించడం, అర్థం చేసుకోవడం, జరగబోయేది ఊహించడం. యుద్ధ విమానాల పైలట్లపై పరిశోధనతో ఆరంభించిన ఆమె తరువాతి కాలంలో అమెరికా వైమానిక దళానికి ప్రధాన శాస్త్రవేత్తగా కూడా పనిచేశారు. పైలట్లు స్వచ్ఛందంగా అందజేసిన నివేదికలను పరిశీలించి ఆమె, మరొక పరిశోధకురాలు 1996లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం ఎరుకకు సంబంధించిన పొరపాట్లలో 76 శాతం మొదటి మెట్టు మీదనే జరిగాయి. అంటే అర్థం చేసుకోవడంలో కాదు, అసలు గమనించడంలోనే. అందులోనూ అన్నింటికంటె పెద్ద పద్దు, సమాచారం కళ్లెదుటే ఉన్నా చూడకపోవడం.

కళ్లెదుట ఉన్నది ఎందుకు కనిపించదు? ఈ ప్రశ్నకు మన దేశ విమానయాన చరిత్రలోనే విషాదకరమైన సమాధానాలు ఉన్నాయి. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్ బయలుదేరిన ఎయిరిండియా బోయింగ్ 747 'ఎంపరర్ అశోక' రెండు నిమిషాలైనా గడవకముందే బాంద్రా తీరానికి సమీపంలో సముద్రంలో కూలిపోయి 213 మంది ప్రాణాలు కోల్పోయారు. విమానం ఎటు ఒరిగి ఉన్నదో తెలిపే పరికరం కెప్టెన్ ఎదుట తప్పుగా చూపుతోంది. కింద చీకటి సముద్రం, పైన చీకటి ఆకాశం. రెండింటికీ మధ్య గీత కనిపించదు. కుడికి ఒరిగిందనుకుని ఆయన ఎడమకు తిప్పారు, మరింత తిప్పారు. సక్రమంగా పనిచేస్తున్న పరికరం అదే కాక్‌పిట్‌లో ఉన్నది. దానిని చూసి సరిదిద్దుకునేంత వ్యవధి లేకపోయింది.

బెంగుళూరు ప్రమాదం ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ-320 విమానం పట్టపగలు, వాతావరణం అనుకూలంగా ఉన్న వేళ, రన్‌వేకు ముందున్న గోల్ఫ్ మైదానంలో దిగబడి దగ్ధమైంది. 146 మందిలో 92 మంది మరణించారు. ఇంజన్లలో లోపం లేదు. కంప్యూటర్ మాత్రం వేగాన్ని కాపాడే పద్ధతిలో కాక, ఇంజన్లను కనిష్ఠ శక్తి వద్ద ఉంచి కిందికి దించే పద్ధతిలో ఉండిపోయింది. వేగం ఉండవలసిన దానికంటె 20 నాట్లకు పైగా పడిపోయినా అది ఇద్దరు పైలట్ల దృష్టికీ సకాలంలో రాలేదు. అంతకు ముందు తరం విమానాల్లో ఆటోమేటిక్ వ్యవస్థ ఇంజన్ శక్తిని మార్చినప్పుడల్లా లీవర్లు కూడా వాటంతట అవే కదిలేవి. పైలట్ చూడకపోయినా చేతికి తెలిసేది. ఎ-320లో ఆ లీవర్లు కదలవు. ఇంజన్లు ఏ పద్ధతిలో ఉన్నాయో తెర పైభాగాన చిన్న అక్షరాలు చెబుతాయి. చేతికి తెలియవలసిన సంగతిని కంటికి అప్పగించి, ఆ కంటికి అప్పటికే ఉన్న బరువును లెక్కలోకి తీసుకోకపోతే లోపం ఎవరిది? ప్రమాదం తరువాత ప్రభుత్వం ఆ తరగతి విమానాలను నెలల తరబడి ఎగరనివ్వలేదు. అవి దేశంలో సేవలకు వచ్చి అప్పటికి ఏడాదైనా కాలేదన్నది గమనార్హం.

దృష్టి ఒకేచోట చిక్కుకుపోవడం మరొక ముప్పు. 1972 డిసెంబర్ 29న అమెరికాలోని మయామీ సమీపంలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమాన సిబ్బంది అంతా చక్రాలు దిగినట్టు సూచించే ఒక చిన్న బల్బు ఎందుకు వెలగడం లేదా అన్న వెతుకులాటలో మునిగిపోయారు. విమానాన్ని ఒకే ఎత్తున నిలిపే ఆటోపైలట్ ఏర్పాటు ఎవరికీ తెలియకుండానే తొలగిపోయింది. అది మెల్లమెల్లగా చిత్తడి నేలలోకి దిగిపోయి సుమారు వంద మందిని బలి తీసుకుంది. నేలపై ఉన్న కంట్రోలర్‌కు ఆ ఎత్తు తగ్గుతున్నట్టు తెరపై కనిపించింది. అంతా ఎలా సాగుతోందని ఆయన అడిగాడే తప్ప ఎత్తు ప్రస్తావన తేలేదు. 2009 సెప్టెంబర్ 2న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురిని బలిగొన్న హెలికాప్టర్ ప్రమాదంలోనూ ఇటువంటి ఛాయ కనిపించడం తెలుగువారు మరచిపోలేని సంగతి. నల్లమలపై కమ్ముకున్న దట్టమైన మేఘాల నడుమ బలమైన అధోముఖ గాలిలో చిక్కుకుని బెల్-430 కూలిపోయిందని దర్యాప్తు సంఘం నిర్ధారించింది. అయితే అంతకు ముందు సుమారు ఆరు నిమిషాల సేపు సిబ్బంది ఆయిల్ పీడనానికి సంబంధించిన ఒక హెచ్చరికకు విరుగుడు కోసం మాన్యువల్ పుటలు తిరగేస్తూ గడిపారని కూడా ఆ సంఘం ఎత్తిచూపింది. బయట వాతావరణం వారి నిర్ణయం కోసం ఎదురు చూడలేదు.

ఇక్కడి వరకు చూస్తే దోషమంతా కాక్‌పిట్‌లోని మనుషులదే అనిపించవచ్చు. 1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ గగనతలంలో జరిగినది ఆ అభిప్రాయాన్ని సమూలంగా మార్చివేస్తుంది. ఢిల్లీ నుంచి పైకి లేచిన సౌదీ బోయింగ్ 747, ఢిల్లీకి దిగుతున్న కజక్‌స్థాన్ ఇల్యూషిన్-76 ఎదురెదురుగా ఢీకొని 349 మంది మరణించారు. ప్రపంచంలో రెండు విమానాలు ఆకాశంలో ఢీకొన్న ప్రమాదాలన్నిటిలోకీ ఇదే ఘోరమైనది. సౌదీ విమానానికి 14 వేల అడుగులు, కజక్ విమానానికి 15 వేల అడుగులు కేటాయించారు. ఎదురుగా విమానం వస్తున్నదని, అది 14 వేల అడుగుల ఎత్తున ఉన్నదని కంట్రోలర్ హెచ్చరించాడు కూడా. అయినా కజక్ విమానం తనకు కేటాయించిన ఎత్తు దాటి కిందికి దిగింది. జస్టిస్ లహోటీ విచారణ సంఘం ప్రధాన కారణంగా తేల్చినది దీనినే.

అది నిజమే కాని, అక్కడితో ఆగితే ఏమీ నేర్చుకోనట్టే. ఆ ఇల్యూషిన్‌లో కంట్రోలర్‌తో మాట్లాడేది విమానం నడిపేవారు కాదు. వేరే రేడియో ఆపరేటర్. ఎత్తు చూపే పరికరం అతని ఎదుట లేదు. పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాలి. ఆంగ్లంలో విన్నది వారికి చేరవేయాలి. వినేది ఒకరు, నడిపేది మరొకరు. నిలవవలసింది 15 వేల అడుగులన్న స్పృహ అతనికి కలిగి కేక వేసే సరికి క్షణాలే మిగిలాయి. ఇక కంట్రోలర్ సంగతి. అప్పటికి ఢిల్లీలో వాడుకలో ఉన్న ప్రాథమిక రాడార్ తెరపై విమానం ఉన్న చోటు కనిపిస్తుందే తప్ప ఎత్తు కనిపించదు. ఎత్తు కోసం పైలట్ నోటి మాటనే నమ్ముకోవాలి. ఎత్తు చూపగల ద్వితీయ రాడార్ అప్పటికి పనిలోకి రాలేదు. రెండు విమానాల్లో ఏ ఒక్కదానిలోనూ ఢీకొనే ముప్పును హెచ్చరించే పరికరం లేదు. ఆ సాయంత్రం మొత్తం చిత్రం ఏ ఒక్కరి వద్దా లేదు. తలా ఒక ముక్క మాత్రమే ఉంది. ఎరుక లేనిది ఎవరికి అని అడిగితే, ఆ మొత్తం ఏర్పాటుకే లేదన్నది సరైన సమాధానం. ప్రమాదం తరువాత ఢీ నివారణ పరికరాన్ని మన దేశం తప్పనిసరి చేసింది. ఢిల్లీకి వచ్చే విమానాలకూ వెళ్లే విమానాలకూ మార్గాలను వేరు చేసింది. పైలట్ల మెదళ్లను మార్చలేదు, ఏర్పాటును మార్చింది. అదే పనిచేసింది.

ఎరుక ఉండీ అక్కరకు రాని సందర్భం మంగుళూరు. 2010 మే 22 ఉదయం దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం కొండపై చదును చేసిన రన్‌వేను దాటి లోయలోకి పడిపోయి 158 మంది మరణించారు. బయటపడినది 8 మందే. కాక్‌పిట్ రికార్డర్‌లోని రెండు గంటల చిల్లర ధ్వనిలో గంటా 40 నిమిషాల సేపు కెప్టెన్ నిద్రలోనే ఉన్నట్టు తేలింది. నిద్ర లేచిన మనిషి మెదడు పూర్తిగా తేరుకోవడానికి కొంత సమయం పడుతుందన్నది వైద్యులు ఎరిగిన విషయమే. మంగుళూరు రాడార్ రెండు రోజులుగా పనిచేయకపోవడంతో విమానం దిగడం మొదలుపెట్టేసరికే ఆలస్యమైంది. ఎత్తు ఎక్కువగా ఉన్నదని, మళ్లీ పైకి లేపి చుట్టు తిరిగి రావాలని కో-పైలట్ మూడుసార్లు చెప్పాడు. గమనించాడు, అర్థం చేసుకున్నాడు, జరగబోయేది ఊహించాడు. ఎండ్‌స్లీ చెప్పిన మూడు మెట్లూ అతడు ఎక్కాడు. కంట్రోళ్లు మాత్రం పక్క సీటులో ఉన్నాయి. సీనియర్‌ను కాదని జూనియర్ చేయి చాపడం మన సమాజంలో ఎంత కష్టమో వేరే చెప్పనవసరం లేదు. ఈ ప్రమాదాన్ని కూడా 'ఎరుక కోల్పోవడం' అనే పద్దు కింద రాసి మూసివేస్తే, ఉన్న ఎరుకను పలకనివ్వని దోషం లెక్కలోకే రాదు.

ఇక కొలవడం సంగతి. పద్ధతులు పలు రకాలు. ఎండ్‌స్లీ రూపొందించినది సూటిగా ఉంటుంది. సిమ్యులేటర్‌లో విమానం నడుపుతుండగా ముందుగా చెప్పకుండా అంతా ఆపివేస్తారు. తెరలు నల్లబడతాయి. అప్పుడు ప్రశ్నలు: మీ ఎత్తు ఎంత? మీకు అతి సమీపంలోని విమానం ఏ దిక్కున ఉంది? ఇంధనం ఎంతవరకు వస్తుంది? రెండు నిమిషాల్లో ఏమి జరుగుతుంది? జవాబులను కంప్యూటర్‌లోని వాస్తవంతో పోల్చి చూస్తారు. ఇది ఎరుకను కొలవడం లేదు, జ్ఞాపకశక్తిని కొలుస్తోందని కొందరు ఆక్షేపించారు. నిపుణుడైన పైలట్ అన్నీ తలలో మోయడు. ఏది ఎక్కడ కనిపిస్తుందో మాత్రం అతనికి తెలుసు. కనుక తెరలు ఆర్పకుండానే ప్రశ్న అడిగి, జవాబుకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కించే మరొక పద్ధతి వచ్చింది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల విషయంలో దీనినీ వాడారు. 1990లో బ్రిటన్ నుంచి వచ్చిన ఇంకొక పద్ధతిలో పైలట్ తన ఎరుకకు తానే మార్కులు వేసుకుంటాడు. ఖర్చు తక్కువ, పని సులువు. తనకు తెలియదన్న సంగతి కూడా తెలియని వాడు తనకు నిండుగా మార్కులు వేసుకోవడమే ఇందులోని చిక్కు. పరీక్ష రాసిన విద్యార్థికే దిద్దే పెన్ను ఇచ్చినట్టు ఉంటుంది! చూపు ఎక్కడ నిలిచిందో పట్టే కెమెరాలూ వచ్చాయి. అయితే చూపు నిలిచిన చోట మనసు నిలిచిందని హామీ లేదు.

ఏ పద్ధతీ సర్వసంపూర్ణం కాదు. అయినా వీటన్నిటిలోనూ ఒక గుణం ఉమ్మడిగా ఉంది. ఇవి బతికి ఉన్న మనిషిని, ప్రమాదం జరగకముందు ప్రశ్నిస్తాయి. దర్యాప్తు నివేదికల్లోని మాటకు ఆ గుణం లేదు. అమెరికన్ పరిశోధకుడు జాన్ ఫ్లాక్ 1995లోనే ఈ ప్రమాదాన్ని పసిగట్టి హెచ్చరించాడు. పైలట్ ఎరుక కోల్పోయాడని ఎలా తెలిసింది? ప్రమాదం జరిగింది కనుక. ప్రమాదం ఎందుకు జరిగింది? ఎరుక కోల్పోయాడు కనుక. గానుగెద్దు నడకలా ఇది ఉన్నచోటే తిరుగుతుంది. కూలిన విమానం శకలాల నుంచి ఎత్తు, వేగం, దిశ అన్నీ రాబట్టవచ్చు. మనిషి మనసులో ఏ చిత్రం ఉన్నదో రాబట్టే పెట్టె ఇంకా తయారు కాలేదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి 260 మంది మరణించిన నెల రోజులకు వెలువడిన ప్రాథమిక నివేదికలో ఇద్దరు పైలట్ల మధ్య జరిగిన ఒకే ఒక ప్రశ్న, ఒకే ఒక జవాబు ప్రస్తావన ఉన్నది. దానిని పట్టుకుని దేశ విదేశాల్లో ఎందరో తీర్పులు చెప్పడం చూసిన తరువాత ఈ హెచ్చరిక ఎంత సమంజసమో వేరే వివరించనక్కరలేదు.

ఇదంతా శాస్త్రజ్ఞుల మధ్య చర్చగా వదిలివేయదగినది కాదు. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. ఇన్ని విమానాలను నడపడానికి వేల సంఖ్యలో కొత్త పైలట్లు కావాలి. వారి కెప్టెన్లు నేటి కో-పైలట్లే. బెంగుళూరులో జరిగినట్టు, కొత్త యంత్రానికి అలవాటు పడే దశలో ఉన్న మనుషులు మళ్లీ కాక్‌పిట్‌లలో కూర్చోబోతున్నారు. వారిని పర్యవేక్షించవలసిన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌లో దాదాపు సగం పోస్టులు ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘమే ఎత్తిచూపింది.

అలసట విషయంలో జరిగిన తంతు మరీ విడ్డూరం. నిద్ర చాలని మనిషి మొదట కోల్పోయేది గమనించే శక్తినే. దానిని గుర్తించి డైరెక్టరేట్ 2024 జనవరిలో కొత్త విధికాల నిబంధనలు ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి వేళ అనుమతించే లాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. 2024 జూన్ 1 నుంచి అమలు కావలసిన ఈ నిబంధనలు విమాన సంస్థల అభ్యంతరాలతో వాయిదా పడ్డాయి. చివరకు ఢిల్లీ హైకోర్టు ద్వారా 2025 జూలై 1న కొన్ని, నవంబర్ 1న మిగిలినవి అమలులోకి వచ్చాయి. దాదాపు రెండేళ్ల వ్యవధి ఉన్నా దేశంలో అతి పెద్ద సంస్థ ఇండిగో తగినంత సన్నద్ధం కాలేదు. డిసెంబర్ తొలి వారంలో వేల విమానాలు రద్దయ్యాయి. ప్రయాణికులు విమానాశ్రయాల్లో నేల మీద నిద్రించవలసి వచ్చింది. అప్పుడు డైరెక్టరేట్ చేసినదేమిటి? రాత్రి విధులకు సంబంధించిన నిబంధనల నుంచే ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది. ప్రయాణికుల ఇక్కట్లు తీర్చడానికి వేరే దారి లేదని ప్రభుత్వం చెప్పుకోవచ్చు. ఆ రెండేళ్లలో సన్నాహాలను ఎవరు తనిఖీ చేశారన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. రేపు ఆ రాత్రి విధుల్లో ఏదైనా జరిగి ఉంటే నివేదికలో ఏ మాట రాసేవారో ఊహించడం కష్టం కాదు.

చేయదగిన పని పెద్దది కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2013లో వెలువరించిన శిక్షణ మార్గదర్శకాల్లో పరిస్థితి ఎరుకను పైలట్‌కు ఉండవలసిన ముఖ్య సామర్థ్యాల్లో ఒకటిగా చేర్చింది. మన విమాన సంస్థల పైలట్లు నిర్ణీత కాలానికి ఒకసారి సిమ్యులేటర్ పరీక్షకు ఎలాగూ హాజరు కావలసిందే. ఆ పరీక్షలో ఇంజన్ ఆగిపోవడం వంటి పాత కష్టాలతోపాటు, నడుమ తెరలు ఆర్పి నాలుగు ప్రశ్నలు అడగడానికి పట్టేది పది నిమిషాలు. ఇదే పరీక్ష కంట్రోలర్లకూ వర్తించాలి. రాత్రి విధి ముగిసే వేళ ఒకసారి, విశ్రాంతి తరువాత ఒకసారి పెట్టి తేడా చూడాలి. మంగుళూరు కో-పైలట్ స్థానంలో కూర్చున్న యువకుడు మూడోసారి చెప్పిన తరువాత కంట్రోళ్లు అందుకుంటాడా లేదా అన్నది కూడా పరీక్షించదగినదే. ఫలితాలను వ్యక్తుల పేర్లు లేకుండా, విమాన సంస్థల పేర్లతో ప్రకటించాలి. పేర్లు బయటపడతాయన్న భయం ఉంటే పైలట్లు బట్టీ పట్టి పరీక్షకు వస్తారు. సంస్థల పేర్లు దాస్తే యాజమాన్యాలకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఏ తరగతి విమానంలో ఏ సమాచారం ఎక్కువ మంది కంటికి ఆనడం లేదో ఈ లెక్కల్లో తేలితే, దానిని తయారీ సంస్థ ముందు పెట్టే హక్కు వందల విమానాలు కొంటున్న దేశానికి ఉంటుంది. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు. డైరెక్టరేట్ జనరల్ జారీ చేసే ఒక ఉత్తర్వు చాలు.